నల్లతుమ్మ కలప

నల్లతుమ్మ ఉష్ణమండలపు గట్టి కలప చెట్టు. గుంటూరు, బాపట్ల జిల్లాల్లోని కాకుమాను, తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో నల్లరేగడి పొలాల గట్ల మీద, చెరువుల అంచున, కాలువల వెంట తనంతట తానే పెరుగుతుంది. టేకులా దీనికి మేడల్లో గౌరవం దక్కలేదు. కానీ బండి చక్రం, ఇరుసు, నాగలి, గొర్రు, గుంటక, గొడ్డలి కామ, గూటం వంటి వాటిని ఈ చెట్టు లేకుండా ఊహించడం కష్టం. యంత్రాలు రాకముందు డెల్టా వ్యవసాయం భారమంతా మోసిన కలపల్లో నల్లతుమ్మది ముందు వరుస.

చెట్టు, దాని బంధువులు

నల్లతుమ్మ చిక్కుడు కుటుంబానికి చెందినది. 15 నుంచి 20 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. పగుళ్లు పడిన నల్లటి బెరడు, జంటలుగా వచ్చే తెల్లటి పొడవాటి ముళ్లు, బంతుల్లాంటి పసుపు పూలు, గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయిన కాయలు దీని గుర్తులు. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. కొంతకాలం నీళ్లు నిలిచినా, నేలలో కాస్త ఉప్పదనం ఉన్నా తట్టుకుంటుంది. గింజ పైపొర చాలా గట్టిది. మేకలు, గొర్రెలు కాయలు తిన్నాక పెంటలో పడిన గింజలు తేలిగ్గా మొలుస్తాయి. మందలు తిరిగిన చోటల్లా తుమ్మ మొక్కలు కనిపించడానికి కారణం ఇదే.

తుమ్మ అని పిలిచేవన్నీ ఒకటి కావు. తెల్లతుమ్మ వేరే జాతి. ఇప్పుడు బీళ్లన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మ అసలు ఈ దేశపు మొక్కే కాదు. అమెరికా ఖండాలకు చెందిన ఆ చెట్టు విత్తనాలను 1877లో జమైకా నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. దాని కర్ర పొయ్యికి, బొగ్గుకు పనికొస్తుంది గానీ, బండి కట్టడానికి రైతు వెతికేది నల్లతుమ్మనే.

శాస్త్ర గ్రంథాల్లో

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి మైమోసా నైలోటికా అని పేరు పెట్టాడు. నైలు నది ఒడ్డున పెరిగేదని ఆ పేరు. 1813లో దీన్ని అకేసియా ప్రజాతిలోకి మార్చారు. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ అకేసియా అనే పేరును ప్రధానంగా ఆస్ట్రేలియా జాతులకు కేటాయించింది. దాంతో 2008 నుంచి నల్లతుమ్మ వాచెల్లియా నైలోటికా అయింది.

తెలుగు నేలకు సంబంధించి మొదట చెప్పుకోవలసిన పేరు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కలను పరిశీలించిన ఈ వైద్యుడు, 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన తన కోరమాండల్ తీర మొక్కల గ్రంథంలో నల్లతుమ్మ బొమ్మను, వర్ణనను చేర్చాడు. ఆ తర్వాత మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన గాంబుల్ 1881లో ప్రచురించిన భారతీయ కలపల పుస్తకంలోనూ ఈ చెట్టుకు చోటు దక్కింది.

కలప గుణాలు

నల్లతుమ్మ దుంగను అడ్డంగా కోస్తే రెండు రంగులు కనిపిస్తాయి. పైభాగం తెల్లగా, లేతగా ఉంటుంది. లోపలి చేవ కోసినప్పుడు గులాబీ ఛాయలో ఉండి, గాలి తగిలేకొద్దీ ఎర్రటి గోధుమ రంగుకు, ఆపై ముదురు రంగుకు మారుతుంది. ఆరిన కలప బరువు ఘనపు మీటరుకు సుమారు 750 నుంచి 850 కిలోలు. టేకు 650 దరిదాపుల్లో ఉంటుంది. గట్టిదనంలో నల్లతుమ్మ టేకుకు దాదాపు రెట్టింపు.

గట్టిదనం ఒక్కటే అయితే దీనికి ఇంత పేరు వచ్చేది కాదు. గట్టి చెక్కల్లో కొన్ని దెబ్బ తగిలితే చిట్లిపోతాయి. నల్లతుమ్మ అలా కాదు, దెబ్బను ఓర్చుకుంటుంది. గతుకుల బాటలో మోత మోసే చక్రానికి, రాయికి తగిలే నాగలికి, రోజంతా అదురు భరించే గొడ్డలి కామకు కావలసింది ఈ ఓర్పే.

లోపాలూ ఉన్నాయి. తెల్లటి పైచెక్కకు పురుగు త్వరగా పడుతుంది, పుచ్చిపోతుంది. అందుకే దుంగలను కొన్ని నెలలపాటు చెరువులోనో కాలువలోనో నానబెట్టే అలవాటు వచ్చింది. నీళ్లలో నానితే పురుగుకు ఆహారమైన పిండి పదార్థం తగ్గిపోతుంది. పూర్తిగా ఎండిన నల్లతుమ్మ రంపానికి ఓ పట్టాన లొంగదు. అందుకని పచ్చి మీదే కోసి, ఆ ముక్కలను నీడలో నిదానంగా ఆరబెడతారు. ఎండలో పడేస్తే పైన పగుళ్లు వస్తాయి. ఈ చెట్టులో టానిన్ ఎక్కువ. తడి చెక్కకు ఇనుప మేకు తగిలితే ఆ చుట్టూ నల్లటి మరక పడేది అందుకే. తోళ్లు ఊనడానికి దీని బెరడు పనికొచ్చేదీ ఆ టానిన్ వల్లనే.

నైలు నుంచి కృష్ణ వరకు

తుమ్మజాతి కలప చరిత్ర చాలా పాతది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, ఈజిప్టువాళ్లు ముళ్ల చెట్టు నుంచి పొట్టి పలకలు కోసి, వాటిని ఇటుకల వరసల్లా పేర్చి సరుకు పడవలు కట్టేవారని రాశాడు. అలాంటి పడవ ఏదీ దొరకకపోవడంతో ఆ మాటల మీద చాలాకాలం చర్చ నడిచింది. నైలు ముఖద్వారం దగ్గర సముద్రంలో మునిగిపోయిన థోనిస్ హెరాక్లియన్ రేవులో బయటపడిన 17వ నంబరు పడవపై 2019లో వెలువడిన అధ్యయనం, తుమ్మజాతి కలపతో కట్టిన ఆ పడవ హెరొడోటస్ వర్ణనకు చాలా దగ్గరగా ఉందని తేల్చింది.

కృష్ణా డెల్టాలో నల్లతుమ్మ అవసరాన్ని పెంచినది నీళ్లు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు కాలువలు పారాయి. వరి పెరిగింది, మోయవలసిన ధాన్యమూ పెరిగింది. కొమ్మమూరు కాలువ మీద పడవలు పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను అందుకుని మద్రాసు దాకా వెళ్లేవి. 19వ శతాబ్దం చివరికి తెనాలి, బాపట్ల మీదుగా మద్రాసు రైలు మార్గం వచ్చింది. 1916లో రేపల్లెకూ రైలు వచ్చింది. అయినా పొలం నుంచి రేవుకో స్టేషనుకో బస్తాలు చేరాలంటే ఎడ్లబండే గతి. వానాకాలంలో కాకుమాను వైపు నల్లరేగడి బాటల్లో చక్రం బురదలో కూరుకుపోయేది. ఒంగోలు ఎడ్లు బలంగా గుంజేటప్పుడు ఆ ఒత్తిడంతా చక్రపు అతుకుల మీదే పడేది.

చక్రం కట్టే పని

ఈ కలప విలువ తెలియాలంటే చక్రం కట్టే తీరు చూడాలి. మధ్యలో గుండ్రటి బొడ్డు. చాలా బండ్లకు దాని చుట్టూ 12 బెజ్జాలు, వాటిలో దిగే 12 ఆకులు. రెండేసి ఆకులకు ఒకటి చొప్పున అంచున వంపు తిరిగిన 6 ముక్కలు. వడ్రంగి బాడిసతో చెక్కి, ఉలితో బెజ్జాలు తీసి, కుసులు బిగువుగా దిగ్గొట్టి అతికేవాడు. వంపు ముక్కలకు సహజంగానే వంగిన కొమ్మలను ఎంచుకుంటే నార తెగకుండా బలం నిలిచేది.

ఆపైన పని కమ్మరిది. చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువ కొలతతో ఇనుప పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవారు. వేడికి సాగిన పట్టాను పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, చెక్క అంటుకునేలోపే నీళ్లు కుమ్మరించేవారు. ఇనుము చల్లారి ముడుచుకుంటూ అతుకులన్నింటినీ ఒక్కసారిగా బిగించేది. మెత్తటి కలప అయితే ఆ బిగింపుకే నలిగిపోతుంది. నల్లతుమ్మ నిలబడుతుంది. ఎండాకాలంలో చెక్క ఆరి అతుకులు వదులైతే బండిని నీళ్లలోకి తోలి చక్రాలు నానబెట్టేవారు. చెక్క ఉబ్బి మళ్లీ బిగుసుకునేది.

తగ్గిన వాడకం

రబ్బరు టైర్ల బండ్లు రావడంతో కర్ర చక్రానికి మొదటి దెబ్బ తగిలింది. తర్వాత ట్రాక్టరు, ఇనుప నాగలి, ఇనుప గొర్రు వచ్చాయి. వడ్రంగి చేతిలో చక్రం కావలసిన దుంగ ఇటుక బట్టీకి కట్టెలుగా పోవడం మొదలైంది. అందుకూ ఇది మేలైనదే. దీని చేవ కిలోకు 4,950 కిలోకేలరీల దాకా వేడినిస్తుంది.

ఇతర దేశాల్లో దీని కథ మరోలా ఉంది. పాకిస్తాన్‌లోని సింధు ప్రాంత రైతులు హూరీలు అనే తోటల్లో దీన్ని పెంచి గనులకు ఆధార స్తంభాలుగా అమ్ముతారు. 1890ల్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు వెళ్లిన నల్లతుమ్మ అక్కడి పచ్చికబయళ్లను ఆక్రమించి, జాతీయ స్థాయి కలుపు మొక్కల జాబితాకెక్కింది. పుట్టిన నేలలో ఉపయోగం, పరాయి నేలలో ఉపద్రవం రెండూ ఈ చెట్టు చరిత్రలో భాగమే.

డెల్టాలో నల్లతుమ్మ చెట్లు ఇంకా ఉన్నాయి. తగ్గిపోతున్నది వాటితో చక్రం కట్టగల చేతులు. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల కూడా ఉంది. ఆ కళాశాలలు చుట్టుపక్కల ఊళ్లలో మిగిలిన పాత బండ్లు, గొర్రులు, నాగళ్ల కొలతలను, వాటిని చేసిన పెద్దల మాటలను ఇప్పుడే నమోదు చేయాలి. పొలం గట్టున ముదిరిన నల్లతుమ్మ ఉన్న రైతు దాన్ని బట్టీకి అమ్మే ముందు ఒకసారి వడ్రంగికి చూపించాలి.