ఊడిన తొడుగు, లవంగ నూనె

మా క్లినిక్‌లో నాకు ప్రాణమైన వాసన లవంగ నూనెది. జింక్ ఆక్సైడ్ పొడిలో ఆ నూనెలో ఉండే యూజినాల్ రెండు చుక్కలు వేసి గాజు పలక మీద నూరితే చిక్కటి తెల్ల ముద్ద వస్తుంది. ఊడిన పంటి తొడుగును నాలుగు రోజులు నిలబెట్టే ఈ మందు 19వ శతాబ్దిది.

అంతకుముందు సంగతి వేరు. 1728లో పారిస్ వైద్యుడు పియేర్ ఫోషార్ తన గ్రంథంలో, పంటి వేరులోకి బంగారు లేదా వెండి కడ్డీ దింపి, వేడికి మెత్తబడే జిగురుతో కృత్రిమ దంతం నిలబెట్టే పద్ధతి రాశాడు. తర్వాతి వాళ్లు కొయ్య మేకులు వాడారు. లాలాజలానికి కొయ్య ఉబ్బి బిగుసుకునేది. ఒక్కోసారి ఆ ఉబ్బుకే వేరు చీలేది. ఆ నొప్పి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు తాత్కాలిక సిమెంటు మందుల షాపులోనే దొరుకుతోంది. రాత్రివేళ ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే: తొడుగు లోపల కడిగి, తుడిచి, ముందు మందు లేకుండా పెట్టి చూడండి. సరిగ్గా కూర్చుంటేనే పలుచగా మందు రాసి మెల్లగా కొరకండి. సూపర్ గ్లూ జోలికి మాత్రం పోవద్దు. కూర్చోకపోతే డబ్బాలో దాచండి. వదులుగా ఉన్నదాన్ని నోట్లో ఉంచుకుని పడుకుంటే గొంతులోకి జారొచ్చు. మర్నాడు ఏ మందు రాశారో డాక్టరుకు చెప్పండి, యూజినాల్ మిగిలితే తొడుగును తిరిగి అతికించే రెజిన్ సిమెంటు సరిగా గట్టిపడదు.