బందరు మీది ఆకాశము

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచెత్తిన ఉప్పెనను గురించి వినని వారు కృష్ణా మండలములో అరుదు. సముద్రము మామూలు పోటు మట్టము కన్న సుమారు 13 అడుగులు లేచి, కోటను, పేటలను, చుట్టుపట్ల పల్లెలను ఏకము చేసినది. ఆ ఒక్క రాత్రి ముప్పది వేల మంది మరణించినట్లు నాటి లెక్క. సుమారు నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తాపై మరొక తుపాను విరుచుకుపడినది. ఈ రెండు దెబ్బలు, వాటి వెనువెంట వచ్చిన కరవులు దొరతనమువారి కళ్లు తెరిపించగా, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి తొలి అధికారి. ఆ శాఖ పుట్టుకకు బందరు చెల్లించిన మూల్యము చిన్నది కాదు.

అయితే నేల మీది పరికరములతో తెలియునది కొంతే. పాదరసము పడిపోయినచో తుపాను దగ్గర పడినదని తెలియును. అది ఎటు తిరుగునో తెలియదు. ఏటిలో పడిన గడ్డిపోచ వలె తుపాను పైగాలుల వెంట కొట్టుకొనిపోవును. ఆ పైగాలుల సంగతి తెలియవలెనన్న ఏదో ఒకటి పైకి పంపవలసినదే. అందుకు మనిషికి దొరికిన సాధనము బెలూను.

ఫ్రాన్సులో తెస్రాన్ ద బోర్ అను శాస్త్రజ్ఞుడు వందల కొలది బెలూనులను ఎగురవేసి, కొంత ఎత్తు దాటిన పిమ్మట చలి పెరుగుట ఆగిపోవుచున్నదని 1902లో ప్రకటించెను. ఆనాటి పరికరము తన లెక్కను తనే గీసుకొని, బెలూను పగిలిన తరువాత ఎక్కడో పడెడిది. దొరికినవారు తెచ్చి ఇచ్చినచో బహుమానము! పొలములున్న దేశమునకు ఇది బాగుగనే యున్నది గాని, సముద్రపు టొడ్డున నున్న బందరు వంటి చోట పనికి రాదు. సముద్రములో పడిన పెట్టెను ఎవరు తెచ్చి ఇత్తురు?

మరొక ఉపాయము పైలట్ బెలూను. పరికరమేదియు లేని చిన్న బెలూనును వదలి, థియోడలైటు అను దుర్భిణీతో నిమిష నిమిషమునకు దాని దిక్కును, కోణమును చూచి వ్రాసికొందురు. తేట ఆకాశమునకు తెల్లనిది, మబ్బు ఆకాశమునకు ఎర్రనిది లేదా నల్లనిది. రాత్రివేళ చిన్న దీపము కట్టుదురు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. తుపాను వచ్చునపుడే ఆకాశమంతయు మబ్బు కమ్మును; బెలూను కొద్ది నిమిషములలో కంటికి కనబడకుండ పోవును. అత్యవసరమైన దినముననే సాధనము గుడ్డిదగును.

ఈ చిక్కును తీర్చినది, ఇప్పుడు మీ ఇంటి బల్లపై పలుకుచున్న యంత్రము వంటిదే. 1929లో ఫ్రాన్సులో రాబర్ట్ బ్యూరో, 1930 జనవరిలో రష్యాలో మొల్చనోవ్ బెలూనుకు చిన్న రేడియో ప్రేషిణిని కట్టి పంపిరి. చలి, తేమ, ఒత్తిడి ఎంతెంతో అది పైనుండియే చెప్పుచుండును. మబ్బు అడ్డు లేదు; పెట్టె సముద్రములో పడినను నష్టము లేదు. 1940 దశకములో మన వాతావరణ శాఖవారు తమ సొంత పరికరములను తయారు చేసికొనిరి. వాటిలో ఒకదానికి గడియారపు యంత్రము బదులు చిన్న పంకా అమర్చిరి. బెలూను పైకి లేచుచుండ గాలికి ఆ పంకా తిరిగి పని నడిపించును.

దీనిని కూర్చుటలో పెద్ద రహస్యము లేదు. ఆసక్తి గల విద్యార్థులు నేడు రబ్బరు బెలూను, పలుచని గుడ్డ పారచ్యూటు, థర్మోకోలు పెట్టె తెచ్చి తామే కూర్చుకొనుచున్నారు. హైడ్రోజను చవుక గాని నిప్పురవ్వ చాలు ప్రాణము తీయుటకు; హీలియము క్షేమము గాని ప్రియము. విమానములు తిరుగు ఆకాశము గనుక అధికారుల అనుమతి లేనిదే వదలరాదు. సెకనుకు 5 మీటర్ల చొప్పున లేచి, 30 కిలోమీటర్లు చేరునప్పటికి పైగాలి ఒత్తిడి తగ్గిపోయి, బెలూను వ్యాసము సుమారు నాలుగు రెట్లు ఉబ్బి పగులును.

జూలై మాసమున బందరులో వదలిన బెలూను ముందుగా పడమటి గాలికి సముద్రము మీదికి పోవును. ఎత్తుకు పోయిన కొలది గాలి తిరిగి, తూర్పు నుండి వీచును. అపుడు బెలూను వెనుకకు మరలి, గుడివాడ, దివి సీమల వైపు నేల మీదికి వచ్చును. వర్షకాలమున ఉష్ణమండలపు మీద వడిగా ప్రవహించు ఈ తూర్పుగాలి ప్రవాహమును వివరించి 1958లో లోకమునకు చెప్పినవారు, తరువాత ఈ శాఖకే అధిపతియైన పంచేటి కోటేశ్వరం గారు.

ఇంత తెలిసియు 1977 వచ్చినది. నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరము దాటినది. మన అర్ధగోళమున తుపాను గాలులు ఎడమ వైపునకు తిరుగుచు వీచును గనుక, తుపాను దారికి కుడి ప్రక్కన సముద్రము నేలపైకి తోయబడును. కుడి ప్రక్కన నున్నది దివి సీమ. 5 మీటర్ల ఎత్తున నీరు వచ్చి సొర్లగొంది, హంసలదీవి ప్రాంతములను తుడిచివేసినది. అధికారిక లెక్కలోనే మృతులు సుమారు పదివేలు. హెచ్చరికలు రేడియోలో వెలువడకపోలేదు. ఎన్ని గుడిసెలలో రేడియో ఉన్నది? విన్నవారిలో ఎందరు ఇల్లు విడిచి పోగలిగిరి? పోవుదమన్న ఎత్తైన చోటు ఎక్కడ?

బెలూను చెప్పగలిగినది తన తీరము మీది గాలిని మాత్రమే. సముద్రము మీది తుపానును చూచుటకు రాడారు, ఉపగ్రహము కావలసివచ్చినవి. తరువాత బందరుకు రాడారు వచ్చినది. తీర గ్రామములకు ఉపగ్రహము ద్వారా హెచ్చరిక పంపు ఏర్పాటు జరిగినది. 1990 మే 9న దాదాపు అంత బలము గల తుపాను కృష్ణా ముఖద్వారము వద్దనే తీరము దాటినది. లక్షకు పైగా జనులను ముందే తరలించిరి. ఆ పర్యాయము మృతులు 967 మంది. ఆ సంఖ్యయు చిన్నది కాదు. కాని ముందరి దానితో పోల్చి చూడుడు.

బెలూను పని నేటికీ సాగుచున్నది. ప్రపంచమంతట ఈ కొలత ఒకే వేళకు. మనకది ఉదయము, సాయంకాలము అయిదున్నర. ఎపుడైన మీ పొలములో గుడ్డ గొడుగు చిక్కుకొన్న తేలికైన తెల్లని పెట్టె కనబడినచో భయపడనక్కరలేదు. అందులో నున్నది చిన్న బ్యాటరీ, రెండు మూడు తీగలు మాత్రమే.