అవ్వ పొట్టమీది గీత

నంద్యాల దగ్గర కొత్తపల్లెలో మా అవ్వ పొట్టమీద జానెడు పొడుగున ఒక గీత ఉండేది. నేను పుట్టకముందు, 1970లలో, కర్నూలు తీసుకుపోయి కడుపు కోయించారట. అంతకుముందు ఆరేడేళ్లు ఆవిడ నొప్పి సంగతి నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. అర్ధరాత్రి లేచి ఇంత మజ్జిగ తాగి పడుకునేది. ఎందుకవ్వా అంటే, "కడుపు కోసిన మనిషి మళ్లా కడవెత్తుతాదా, బిందె మోస్తాదా? ఇంట్లో ఎవురికి కావల్ల?" అనేది.

ఇది వట్టి పల్లెటూరి భయం అనుకోకండి. మహారాజులకే తప్పలేదు. 1902 జూన్ 26న లండన్‌లో ఏడవ ఎడ్వర్డుకి పట్టాభిషేకం. అతిథులొచ్చారు, వంటలయ్యాయి. రెండు రోజుల ముందు రాజుగారికి అపెండిక్స్ వాచి చీము పట్టింది. ట్రీవ్స్ అనే సర్జన్ రాజభవనంలోనే కోసి చీము తీసేశాడు. అపెండిక్స్ జోలికి పోలేదు! ఆగస్టు 9న రాజు కిరీటం పెట్టుకున్నాడు. అప్పట్నించే ఆ ఆపరేషనంటే జనానికి కాస్త ధైర్యం వచ్చిందంటారు.

కడుపు కోయాలంటే ముందు మత్తివ్వాలి కదా. ఆ కథలో మన హైదరాబాదూ ఉంది. క్లోరోఫాం గుండెకి చేటా కాదా అని 1888, 1889లలో నిజాం ఖర్చుతో లారీ అనే సర్జన్ పరీక్షలు చేయించాడు. ఆయన తేల్చింది తరవాత నిలవలేదనుకోండి. కానీ ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూంజీ అనే పార్శీ యువతి అక్కడ రోగులకి మత్తు ఇచ్చేది. ఆడపిల్లలకి చదువే ఎక్కువనుకునే కాలంలో!

ఇంతకీ అవ్వది అపెండిక్స్ కాదు, అల్సర్. ఆమ్లం ఊరించే నరాన్ని కోసి, పొట్టనీ పేగునీ ఇంకోచోట కలిపి కుట్టేవారు. దక్షిణాదిలో ఇది చాలా ఎక్కువ. ఎవరెస్టు ఎక్కబోయిన సోమర్‌వెల్ అనే సర్జన్, నెయ్యూరు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఈ పుళ్లకే ఆపరేషన్లు చేశాడు. కారం వల్ల, దిగులు వల్ల అనేవారు. అవ్వనీ అందరూ "నీ మనసే నీకు శత్రువు" అని సాధించారట. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు అసలు దొంగని పట్టుకున్నారు: ఒక సూక్ష్మజీవి! ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ దాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు చాలామందికి రెండు వారాల మాత్రలతో సరి. పుండు చిల్లిపడితేనో, రక్తం ఆగకపోతేనో తప్ప కత్తి అక్కర్లేదు. పదేళ్లు ఆలస్యంగా జబ్బు పడివుంటే అవ్వకి ఆ గీతే ఉండేది కాదేమో!

కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన నాగేశ్వర రెడ్డిగారు, జి.వి. రావుగారితో కలిసి హైదరాబాదులో ఇంకో వింత చేశారు. నోట్లోంచి గొట్టం పంపి, పొట్టగోడకి లోపల్నించే చిన్న దారి చేసి, అపెండిక్స్‌ని నోటిగుండానే తీసేశారు. పైన గాటే లేదు! అది ఊరూరా జరిగే ఆపరేషన్ కాలేదు గానీ, వింటే ఒళ్లు ఝల్లుమనదూ?

నాకు పిత్తాశయంలో రాళ్లొచ్చాయి. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ మొదటిసారి ఆ తిత్తిని తీసినప్పుడు, అది లేకుండా మనిషి బతుకుతాడా అని సందేహించారట. నాకు నాలుగు చిల్లులు పెట్టి, కెమెరా దూర్చి తీశారు. మర్నాడే ఇంటికి పంపారు.

చూడ్డానికి వచ్చిన అవ్వకి చీర పక్కకి తొలగించి చూపించాను. కళ్లజోడు సర్దుకుని, వేలితో ఒక్కో చుక్కా తడిమింది.

"ఇంతేనా? దీనికా మే, నువ్వు ఏడ్చింది?" అని తన కొంగు పొట్టమీదికి లాక్కుంది.