ఇంజనుతో వెలుగు దీపము

మిట్టమధ్యాహ్నవేళ వీధిలో పోవు మోటారు సైకిలునకు ముందు దీపము వెలుగుచుండుట నేడు మనకు నిత్యదృశ్యము. మొదటి దినములలో దీనిని చూచిన బాటసారులు, పాపము నడుపువాడు దీపమార్పుట మరచినాడేమో యని, పిడికిలి ముడిచి విప్పి సైగ చేసెడివారు. ఎదురుగా వచ్చు వాహనముల వారును అదే సైగ చేసెడివారు. కాని అది మరపు కాదు. 2017 ఏప్రిల్ 1 నుండి మన దేశమున క్రొత్తగా తయారగు ద్విచక్ర వాహనములకు, ఇంజను కదలగనే ముందు దీపము తనంతట తాను వెలుగవలెననియు, ఇంజను తిరుగుచున్నంతసేపు అది ఆరరాదనియు నిబంధన ఏర్పడినది. నడుపువాని చేతిలో ఆ దీపమునార్పు స్విచ్చి లేదు.

సూర్యుని ముందు దివిటీ యేల అని అడుగువారు ఇప్పటికిని కలరు. ఆ ప్రశ్నకు సమాధానము మోటారు సైకిలు చరిత్రలోనే ఉన్నది. దీపమును ఇంజనుతో ముడిపెట్టుట నిన్నటి కల్పన కాదు. ఒకప్పుడు ఆ ముడి తప్పించుకొనరాని లోపము. బ్యాటరీ వచ్చి ఆ ముడిని విప్పినది. తరువాత చట్టము వచ్చి దానిని మరల బిగించినది. ఏ లోపమును వదలించుకొనుటకు మనుష్యులు అర్ధశతాబ్దము శ్రమించిరో, దానినే మరియొక రూపమున కోరి తెచ్చుకొనుటకు గల కారణమేమి? ఆ కథను కొంచెము పరిశీలింతము.

1885 లో జర్మనీ దేశమందలి కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ అనువారు చెక్క చట్రములో పెట్రోలు ఇంజను నమర్చి నడిపిన బండియే నేటి మోటారు సైకిలునకు ఆదిరూపము. 1894 లో మ్యూనిక్ నగరమున హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ అను పేర్లతో వెలసిన సంస్థ మోటారు సైకిళ్లను అమ్మకమునకు తయారుచేయ మొదలిడినది. ఆ కాలమున రాత్రివేళ ప్రయాణము చేయదలచినవారికి సైకిళ్లకు తగిలించు నూనె దీపమే దిక్కు. గాలికి రెపరెపలాడు వత్తి దీపము ఎదుటివారికి కొంత గుర్తుగా ఉండునే గాని త్రోవ చూపజాలదు.

ఇంతలో మరియొక దీపము వచ్చినది. థామస్ విల్సన్ అను కెనడా దేశీయుడు 1892 లో అమెరికాలో అల్యూమినియము తయారుచేయు మార్గమును వెదకుచు, విద్యుత్తు కొలిమిలో సున్నమును తారును కలిపి కాల్చెను. తాను కోరినది లభింపలేదు గాని కాల్షియం కార్బైడు లభించినది. మామిడికాయలను బలవంతముగా మగ్గబెట్టుటకు వర్తకులు వాడుటచే మన గృహిణులలో అపఖ్యాతి పొంది, ఆ పనికి చట్టముచే నిషేధింపబడిన కార్బైడు ఇదియే. దీనిపై నీటిచుక్క పడగనే ఎసిటిలీన్ అను వాయువు పుట్టును. అది తెల్లని కాంతితో మండును. క్రింది అరలో కార్బైడు, పై అరలో నీరు, నడుమ చుక్కచుక్కగా నీటిని విడుచు తిరుగుడు, మంట వెనుక మెరుగు పెట్టిన అద్దము: ఇదియే కార్బైడు దీపము. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో మోటారు సైకిళ్లు దీని వెలుగుననే నడచినవి.

ఈ దీపమునకును ఇంజనునకును ఎట్టి సంబంధమును లేదు. ఇంజనాగినను దీపము మండును. ఇంజను చక్కగా నడచుచున్నను పెనుగాలికి దీపమారవచ్చును. బయలుదేరుటకు ముందు కార్బైడు నింపి, నీరు పోసి, అగ్గిపుల్ల గీచి వెలిగింపవలెను. గమ్యము చేరిన పిమ్మట లోపల మిగిలిన సున్నపు ముద్దను గోకి కడుగవలెను. చలిదేశములలో నీరు గడ్డకట్టి దీపము మొండికెత్తుటయు కలదు. నడుపువానికి రెండు యంత్రముల చాకిరి తప్పెడిది కాదు.

ఈ చాకిరినుండి విముక్తి కలిగించినది విద్యుత్తు. తీగచుట్టకు ఎదురుగా అయస్కాంతము కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831 లోనే కనుగొనెను. ఆ సూత్రముపై ఆధారపడిన మాగ్నెటో యంత్రమును జర్మనీలో రాబర్ట్ బాష్ 1887 లో తయారుచేసెను; 1897 లో దానిని ఒక మోటారు త్రిచక్రమునకు అమర్చెను. పెట్రోలు ఆవిరి నంటించు నిప్పురవ్వకై ఏర్పడిన సాధనమది. ఇంజనుతోపాటు తిరిగి రవ్వనిచ్చు యంత్రము దీపమునకు మాత్రము విద్యుత్తు నేల ఇయ్యరాదన్న ఆలోచన సహజముగనే కలిగినది. 1913 లో బాష్ సంస్థ కార్లకై దీపములను, డైనమోను ఒక ఏర్పాటుగా కూర్చి విక్రయించినది. 1915 నాటికి అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లకు విద్యుద్దీపములు లభించుచుండెను. 1920 తరువాతి దశకమున ఇంగ్లండులో లూకాస్ సంస్థ మాగ్నెటోను డైనమోను జతకూర్చి, మాగ్‌డైనో అను పేర ప్రచారములోనికి తెచ్చినది.

ఇచ్చట త్రోవ రెండుగా చీలినది. ఖరీదైన బండ్లలో డైనమో బ్యాటరీని నింపును. బ్యాటరీ దీపమును వెలిగించును. చవుక బండ్లలో బ్యాటరీయే లేదు. ఇంజను ఇరుసున కమర్చిన చక్రములో అయస్కాంతము లుండును; ఆ చక్రము తిరుగగా లోపలి తీగచుట్టలో పుట్టిన విద్యుత్తు నేరుగా దీపమునకు పోవును. సైకిలు టైరు నొరసికొని తిరుగు డైనమోను మన గ్రామములలో ఎరుగనివారు లేరు. త్రొక్కినంతసేపు వెలుగు, దిగగానే చీకటి. చవుక మోటారు బండ్లలోని ఏర్పాటును అట్టిదే. 1972 లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరును, ఆ సంవత్సరముననే వచ్చిన లూనాయు, 1980 లో వచ్చిన టి.వి.ఎస్. 50 యు మన తెలుగు కుటుంబములకు చిరపరిచితములు. పాలబిందెలు మోసినను, బస్తాలు మోసినను, బడిపిల్లలను మోసినను, ఆ తొలికాలపు బండ్ల ముందు దీపము ఇంజను ఊపిరితోనే వెలిగెడిది.

ఈ ఏర్పాటులోని కష్టము అనుభవించినవారికి తెలియును. వేగముగా పోవునపుడు వెలుగు ధారాళముగా ఉండును. గుంటలు కనబడుటకై వేగము తగ్గించినచో, వెలుగు అవసరమైన ఆ క్షణముననే అది గుడ్డిదీపమగును. రైల్వే గేటువద్ద నిలిచినవారు దీపము కొరకై ఊరక యాక్సిలరేటరును త్రిప్పుచుండెడివారు. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. విద్యుత్తును అదుపుచేయు రెగ్యులేటరు లేని బండ్లలో, ముందు దీపము తన పాలు తాను తీసికొనుచున్నంతవరకు వెనుక దీపము సురక్షితము. ముందు బల్బు మాడినంతనే దాని పాలు కూడ వెనుకనున్న చిన్న బల్బుపై పడి, అదియు మాడిపోయెడిది. అన్నిటికంటె అపాయకరమైనది, ఇంజను హఠాత్తుగా ఆగుట. పెట్రోలు అయిపోయినను, రవ్వ తప్పినను, నడిరోడ్డుపై బండియు మనిషియు ఒక్కసారిగా చీకటిలో కలిసిపోవుదురు. వెనుకనుండి వచ్చు లారీకి అచ్చట ఒక ప్రాణమున్నదన్న గుర్తు మిగులదు.

బ్యాటరీ ఈ బాధలను తీర్చినది. ఇంజను మందగించినను దీపము తగ్గదు. ఇంజనాగినను దీపము నిలుచును. అయితే స్వేచ్ఛకు వెల ఉన్నది. 12 వోల్టుల, 35 వాట్ల బల్బు సుమారు 3 ఆంపియర్ల విద్యుత్తును లాగును. 5 ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీ రెండు గంటలైనను గడువకముందే వట్టిపోవును. బ్యాటరీ రేడియోను ఆర్పక నిద్రించిన గృహస్థునకు ఈ నష్టము కొంత తెలిసినదే. అయితే రేడియో మూగవోయినచో ఒక పాట పోవును. కేవలము బ్యాటరీపై ఆధారపడి రవ్వ పుట్టించు మోటారు సైకిలునకు బ్యాటరీ వట్టిపోయినచో ప్రయాణమే ఆగిపోవును.

ఇంతవరకు దీపమును గూర్చిన ఆలోచన అంతయు త్రోవ చూచుటను గూర్చియే. కార్లు, లారీలు పెరిగిన కొలది మరియొక ప్రశ్న ముందునకు వచ్చినది. మోటారు సైకిలు నడుపువాడు త్రోవను చూచుచున్నాడు, సరియే. ఇతరులు వానిని చూచుచున్నారా? ఎదుటినుండి వచ్చు మోటారు సైకిలు సన్నని గీతవలె కనబడును. పెద్ద వాహనముల నడుమ, చెట్ల నీడలలో, అది కన్నుపడకుండ జారిపోవును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1978 జనవరి 1 నుండి తయారై క్రొత్తగా రిజిస్టరగు మోటారు సైకిళ్లకు, ఇంజను ప్రారంభము కాగానే ముందు దీపము వెలిగి, ఇంజను నడచుచున్నంతసేపు నిలువవలెనని శాసించినది. హ్యారీ హర్ట్ నాయకత్వమున దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు లాస్ ఏంజెలెస్ ప్రాంతమున 900 ప్రమాదములను జరిగిన చోటనే పరిశీలించి 1981 లో ప్రకటించిన నివేదిక ఈ విషయమును విశదపరచినది. మోటారు సైకిలును వేరొక వాహనము ఢీకొనిన సందర్భములలో ప్రధాన కారణము, ఆ వాహనము నడుపువాడు మోటారు సైకిలును గుర్తింపలేకపోవుటయే యని తేలినది. పగటిపూట దీపము వెలిగించుకొనుట మేలుచేయునని కూడ ఆ నివేదిక తెల్పినది.

ఎండలు కాయు దేశములకు ఇది వర్తించునా యన్న సందేహము రావచ్చును. మలేషియా మనవలెనే ఎండదేశము. అచ్చటను ద్విచక్ర వాహనములు అసంఖ్యాకములు. ఆ దేశము 1992 లోనే పగటిపూట మోటారు సైకిళ్ల దీపములు వెలుగవలెనని నియమించినది. కాలు శతాబ్దము గడచిన పిమ్మట మన దేశమును ఆ మార్గము నవలంబించినది. కావున నేటి పగటి దీపము త్రోవ చూపుటకు కాదు. "ఇచ్చట నేనున్నాను" అని చెప్పుటకు. పాతకాలపు ముడి పేదరికము వేసినది. క్రొత్త ముడి ప్రాణరక్షణకై వేసికొన్నది.

ఇక పాత మోటారు సైకిళ్లను విప్పి, తమ అభిరుచి మేరకు క్రొత్త రూపున కట్టుకొను యువకులు మన నగరములలో కొందరు కలరు. చట్రమున కనబడకుండ ఇముడవలెనని వారు మిక్కిలి చిన్న బ్యాటరీని పెట్టుకొందురు. అట్టి బండికి ఇంజను నడచునపుడు మాత్రమే ముందు దీపము వెలుగు ఏర్పాటు అత్యవసరము. దీనికి రిలే అను చిన్న సాధనము చాలును. స్వల్పమైన విద్యుత్తుతో అధికమైన విద్యుత్తును కలుపుటకును విడదీయుటకును ఉపకరించు అయస్కాంతపు స్విచ్చియే రిలే. ఇంజనుతో తిరుగు ఆల్టర్నేటరు నుండి రెగ్యులేటరునకు పోవు తీగలలో ఒకదానినుండి శాఖ తీసి, విద్యుత్తును ఒకే దిక్కునకు పోనిచ్చు డయోడు ద్వారా రిలే చుట్టకు కలుపుదురు. ఇంజను తిరుగగనే రిలే బిగిసి, తాళపుచెవి దాటి వచ్చిన బ్యాటరీ విద్యుత్తును ఫ్యూజుగుండ ముందు దీపమునకు అందించును. శాఖను రెగ్యులేటరునకు ముందే తీయవలెను. దాటిన తరువాత తీసినచో అచ్చట బ్యాటరీ విద్యుత్తు సదా ఉండును గనుక ఇంజను తిరుగుచున్నదో లేదో రిలేకు తెలియదు.

ఇంజను మందముగా తిరుగునపుడు రిలే టకటకలాడకుండుటకై నిపుణులు మరియొక ఉపాయము చేయుదురు. వెలిగిన దీపపు తీగనుండి ఒక శాఖను, వేరొక డయోడు ద్వారా, మరల రిలే చుట్టకే త్రిప్పుదురు. ఒకసారి బిగిసిన రిలే అటుపిమ్మట తన్ను తానే పట్టుకొనియుండును; తాళపుచెవి త్రిప్పి ఆపినపుడే విడుచును. దీనివలన కూడలిలో ఇంజను క్షణకాలమాగినను దీపమారదు. పాత స్కూటరులోని వెలుగు పెరుగుట తరుగుట ఇచ్చట లేదు. ఇంజను ఆజ్ఞ ఇచ్చును, బ్యాటరీ వెలుగునిచ్చును. పాత మార్గముల రెంటిలోని మేలును ఇట్లు కలిసివచ్చినది.

కాని ఇచ్చట ఒక్క హెచ్చరిక అవసరము. ఇంజనుతో ముడిపెట్టవలసినది ముందు పెద్ద దీపమును మాత్రమే. వెనుక ఎర్రదీపమును, నిలిచిన బండిని తెలుపు చిన్న దీపమును, మలుపు దీపములను రిలేతో బంధింపరాదు. అవి ఇంజనుతో నిమిత్తము లేక బ్యాటరీనుండి నేరుగా వెలుగుచుండవలెను. వాని ఖర్చు స్వల్పము. చిన్న బ్యాటరీయైనను చాలసేపు మోయగలదు. తీగలు తక్కువగా కనబడవలెనను సోకుతో దీపములన్నిటిని ఒకే రిలేకు కట్టినవాడు, వెనుకటి చవుక బండ్ల లోపమును మరల కొని తెచ్చుకొన్నవాడగును. ఇంజను మొరాయించి రాత్రివేళ రోడ్డు ప్రక్క నిలిచినవానికి, వెనుకనున్న ఆ చిన్న ఎర్రదీపమే రక్ష. ఇంటినుండి బండి తీయునపుడు ముందు దీపము వెలిగినదా యని చూచువారు, ఇంజను నాపి తాళపుచెవి నుంచి వెనుక దీపము వెలుగుచున్నదా యని కూడ ఒకసారి చూచుట మంచిది. దానికి పట్టు కాలము అర నిమిషమునకు మించదు.