వేంగి నేలలో కొండను తొలిచినదీ, ఇటుకతో కట్టినదీ

కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం పక్కనే గుంటుపల్లి కొండ ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటికే ఇక్కడి ఇసుకరాతిని తొలిచి బౌద్ధ భిక్షువులు నివాసాలు ఏర్పరచుకున్నారు. వానాకాలం గడపడానికి తొలిచిన గదులు రెండు గుంపులుగా ఉన్నాయి. కొండ మీద ఇటుక చైత్యం పునాదులూ, వరసలుగా చిన్న స్తూపాలూ కనిపిస్తాయి.

వీటన్నిటిలో చూడదగ్గది గుండ్రటి చైత్యగుహ. సుమారు 18 అడుగుల వ్యాసం గల ఈ గదికి గోపురంలా వంగిన పైకప్పు, నడుమ రాతి స్తూపం ఉన్నాయి. కప్పు లోపలి వైపు నడిమి నుంచి చుట్టూ వాలే వాసాలనూ, వాటిని పట్టి ఉంచే అడ్డ దూలాలనూ రాతిలోనే చెక్కారు. రాతి కప్పుకు వాసాలతో పనిలేదు. కర్రతో ఇల్లు కట్టడం బాగా తెలిసిన చేతులు ఆ అలవాటును వదలలేదు, అంతే. ఆనాటి కర్ర ఇళ్లు ఒక్కటీ నిలవలేదు కనుక వాటి పనితనం తెలిసేది ఎక్కువగా ఇలాంటి నకళ్ల వల్లనే. బిహార్‌లోని బరాబర్ కొండల్లో సుదామ గుహ కూడా గుండ్రటి గుడిసెను రాతిలో అనుకరించింది.

కొండ మీది ఒక మండపపు స్తంభాలపై ఉన్న శాసనం దాని దాత పేరు చెబుతుంది: మహామేఘవాహన వంశపు సిరి సద రాజు దగ్గర లేఖకుడైన చుల గోమ. రాజు కాదు, రాయసగాడు! బౌద్ధం పోయాక చైత్యంలోని స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు.

ఏలూరుకు దగ్గరలోని పెదవేగి కథ వేరు. ఇది శాలంకాయన రాజుల రాజధాని వేంగి. క్రీ.శ. 2వ శతాబ్దంలో మధ్యధరా తీరాన అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ పేర్కొన్న సలకెనోయిలు వీరేనని, బెనగౌరోన్ వేంగియేనని చరిత్రకారులు గుర్తించారు. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనంలో వేంగి హస్తివర్మ పేరుంది. శాలంకాయనుల ఇష్టదైవం చిత్రరథస్వామి. తర్వాత విష్ణుకుండినులు వచ్చారు. 634 నాటి ఐహోళు శాసనం చెప్పే, చాళుక్య రాజు రెండవ పులకేశి యుద్ధంలో నెత్తురోడిన కునాల జలం కొల్లేరు సరస్సే. అతని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్య పాలన మొదలైంది. 11వ శతాబ్దానికి రాజధాని రాజమహేంద్రవరానికి మారింది.

ఇన్ని శతాబ్దాల రాజధానిలో మిగిలింది దిబ్బలూ, తవ్వకాల్లో బయటపడిన ఇటుక పునాదులే. ఇటుకను, చెక్కిన రాతిని బండికెత్తి తీసుకుపోవచ్చు. గుంటుపల్లి గుహను తీసుకుపోలేరు. పెదవేగి, దెందులూరు శిథిలాల సామగ్రితోనే ముస్లిం పాలకులు ఏలూరు కోట కట్టించారని పాత గెజిటీర్ల మాట.