తీర్పు నిలబడాలంటే

పిల్లల్ని అమెరికా చదువులకు పంపే మన ఇళ్లలో ఐ-20 పత్రం, ఎఫ్-1 వీసా అంటే తెలియనివారు లేరు. అమెరికా కాలేజీల్లో లైంగిక దాడి ఫిర్యాదులకు ముఖ్య ఆధారమైన ‘టైటిల్ నైన్’ గురించి మాత్రం మాట్లాడుకునేవారు తక్కువ. 1972లో నిక్సన్ సంతకం చేసిన ఈ చట్టంలోని అసలు వాక్యం ఇంగ్లీషులో 37 మాటలే. కేంద్రప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలో ఆడ, మగ అన్న కారణంగా ఎవరికీ చదువు దూరం కాకూడదని దాని సారం. అందులో అత్యాచారం ఊసే లేదు. 1977లో యేల్ విద్యార్థినులు కొందరు కేసు వేసి, లైంగిక వేధింపు కూడా చదువును లాక్కునే వివక్షేనని వాదించారు. కేసు ఓడిపోయారు గానీ వాదన నిలిచింది. తోటి విద్యార్థి తీవ్రంగా వేధిస్తున్నాడని తెలిసీ పట్టించుకోని విద్యాసంస్థ అందుకు జవాబు చెప్పాల్సిందేనని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

నేరమైతే పోలీసులున్నారు కదా, కాలేజీకెందుకు ఈ పంచాయితీ అని చాలామంది అడుగుతారు. కోర్టు తేల్చేది జైలు సంగతి. ఫిర్యాదు చేసిన అమ్మాయి, నిందితుడు రేపు ఒకే క్లాసులో కూర్చోవాలా, ఒకే హాస్టల్లో ఉండాలా అన్నది కాలేజీయే తేల్చాలి. కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగితే ఆ అమ్మాయి చదువు అయిపోతుంది, లేదా ఆగిపోతుంది. కాబట్టి విచారణ కాలేజీలో జరగాల్సిందే. ఎలా జరగాలన్న దగ్గరే అమెరికా తడబడింది. 2011లో విద్యాశాఖ ఒక లేఖ రాసి, ఆరోపణ అబద్ధమయ్యే అవకాశం కన్నా నిజమయ్యే అవకాశం ఎక్కువని తేలితే చాలు, చర్య తీసుకోమంది. అంతవరకు సబబే, సివిల్ దావాల్లో కొలత కూడా అదే. కానీ ఎన్నో కాలేజీల్లో ఒకే అధికారి దర్యాప్తు చేసి, ఆ అధికారే తీర్పు చెప్పే పద్ధతి వచ్చింది. 2014లో హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యులు 28 మంది తమ విశ్వవిద్యాలయం పెట్టిన కొత్త పద్ధతినే బహిరంగంగా తప్పుపట్టారు. ఎవరి మాట నమ్మాలన్నదే ప్రశ్న అయినప్పుడు ఎదుటిపక్షాన్ని ప్రశ్నించే అవకాశం ఉండాలని 2018లో మిషిగన్ విశ్వవిద్యాలయం కేసులో అప్పీళ్ల కోర్టు చెప్పింది. విద్యాశాఖ తెచ్చిన 2020 నిబంధనలు దాన్నే దేశమంతటికీ వర్తింపజేశాయి.

గాయపడిన మనిషిని మళ్లీ నిలదీయడం క్రూరం కాదా? ఈ అభ్యంతరం బరువైనది, కొట్టిపారేయదగ్గది కాదు. అయితే 2020 నిబంధనల్లో ప్రశ్నలు వేసేది నిందితుడు కాదు, అతని తరఫు సలహాదారు. ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఉండి తెరమీద మాట్లాడవచ్చు. ప్రతి ప్రశ్నా విషయానికి సంబంధించిందో కాదో విచారణాధికారి తేల్చాకే జవాబు. ఆ నిబంధనల్లో నాకు నచ్చనిది వేరే ఉంది: వేధింపు నిర్వచనాన్ని బాగా కుదించి, చాలా ఫిర్యాదులకు తలుపు మూసేశాయి. 2024లో వచ్చిన కొత్త నిబంధనలు ఆ తలుపు తెరిచాయి గానీ, ఎదుటిపక్షాన్ని అలా ప్రశ్నించే విచారణను తప్పనిసరి కాకుండా చేశాయి. 2025 జనవరిలో కెంటకీలోని ఫెడరల్ కోర్టు వాటిని కొట్టేయడంతో మళ్లీ 2020వే అమల్లోకి వచ్చాయి. సస్పెండైతే వీసా హోదానే పోయే మన పిల్లలకైనా, ధైర్యం చేసి నోరువిప్పిన అమ్మాయికైనా, ఫిర్యాదు ఏ ఏడాదిలో వచ్చిందన్నదాన్ని బట్టి న్యాయం మారిపోతోంది.

నిందితుడికి సరైన విచారణ ఇవ్వడమంటే అతని పక్షం వహించడమని అనుకునేవారు ఇండియాలోని గోవా విశ్వవిద్యాలయం కేసు చూడాలి. అక్కడ 2009లో విద్యార్థినులు ఒక అధ్యాపకుడి మీద ఫిర్యాదు చేశారు. కమిటీ హడావిడిగా విచారణ ముగించింది, ఉద్యోగం తీసేశారు. అతనికి తన వాదన వినిపించే తగిన అవకాశం ఇవ్వలేదని 2023లో భారత సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి, విచారణ మళ్లీ మొదలుపెట్టమంది. ఆ అమ్మాయిలు ఫిర్యాదు చేసి అప్పటికి పద్నాలుగేళ్లు గడిచాయి.