కొండగావ్ బోరింగుల కథ

ఈమధ్య పట్నాల్లో వంతెనల కింద, గోడల మీద మన డోలు, మన కొమ్ముబూర, మన గుస్సాడీల బొమ్మలు కనిపిస్తున్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో మనల్ని అడిగేవాళ్ళు తక్కువ. అడిగి చేసిన పని ఒకటి బస్తర్‌లో జరిగింది. మన యువత దాన్ని తెలుసుకోవాలి.

భద్రాచలం నుంచి చింతూరు, కుంట, సుక్మా, జగదల్‌పూర్ దాటి ఇంకా ఉత్తరానికి పోతే కొండగావ్ పట్టణం వస్తుంది. మన ఉషేగావ్ ఓజవాళ్ళు చేసే మైనం అచ్చు పోతపనే అక్కడ ఘడ్వాలు చేస్తారు. ఆ పనిలో పేరుమోసిన జయదేవ్ బఘేల్ ఊరు అదే. 1990ల చివర్లో బొంబాయి కళాకారిణి నవజ్యోత్ అల్తాఫ్ అక్కడికి వెళ్ళి రాజ్‌కుమార్ కొర్రాం, శాంతిబాయి, గెస్సూరాం అనే స్థానిక శిల్పులతో కలిసి పని మొదలుపెట్టారు.

వాళ్ళు ఎంచుకున్నది మ్యూజియం కాదు, బోరింగు. బోరింగు దగ్గర ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా? బురద, నిలవ నీళ్ళు, వంగి బిందె ఎత్తుకునే నడుములు. మోసేది ఆడవాళ్ళు, ఆడపిల్లలు. అందుకని చుట్టుపక్కల వాళ్ళతో కూర్చుని మాట్లాడి రూపం తేల్చారు. బిందె దించి, అక్కణ్ణుంచి తేలిగ్గా నెత్తికెత్తుకునే ఎత్తులో అరుగులు కట్టారు. వాడిన నీళ్ళు పోయేందుకు దారి చేశారు. గోడలు లేపి వాటి మీద అక్కడివాళ్ళు ఎరిగిన గుర్తులు వేశారు. వీటికి 'నల్‌పార్' అని పేరు. ఆడవాళ్ళు కాసేపు నిలబడి నాలుగు మాటలు చెప్పుకునే చోటు కూడా అదే అయింది. నడుము నొప్పి తగ్గించే శిల్పం! నాకైతే నిలువెత్తు విగ్రహాల కంటే ఇదే గొప్పగా తోస్తుంది.

పిల్లలు కలుసుకునేందుకు కట్టినవాటి పేరు 'పిల్లా గుడి'. ఈ మాటకు మనకు అర్థం చెప్పనక్కర్లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ పని గురించి కళల పుస్తకాల్లో చదివితే ముందుగా వినిపించేది బొంబాయి పేరే. నవజ్యోత్ తన తోటివాళ్ళ పేర్లు దాచలేదు, 2000లో అందరూ కలిసి ఒక సంఘమే పెట్టుకున్నారు. అయినా రాసేవాళ్ళ చూపు పట్నం వైపే పోతుంది. చెక్క చెక్కడం మగవాళ్ళ పనిగా సాగిన చోట ఉలి పట్టిన మనిషి శాంతిబాయి. ఆమె కథ తెలుగులో ఇంకా ఎవరైనా రాయాలి.